బెల్వెడేర్ మేడ గురించి మావాళ్ళు అడిగే ప్రశ్నలు

ఊరి నుంచి చుట్టాలొస్తే కలకత్తాలో మేం తిప్పే దారి ఒకటే: కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్, అలీపూర్ జూ. జూలోంచి బయటపడేసరికి పిల్లలు కాళ్ళు నొప్పులంటూ మొదలుపెడతారు. పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు రోడ్డవతల బెల్వెడేర్ గేటు వైపు చెయ్యి చూపించి "ఆ బంగళా ఎవరిదోయ్?" అంటారు. "బంగళా కాదు, నేషనల్ లైబ్రరీ" అంటే మొహం అదోలా పెడతారు. మనమూ లోపలికెళ్ళి కూర్చోవచ్చు అంటే అసలే నమ్మరు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఒకసారి రాసి పడేస్తే పోతుందనిపించింది.

ఇంతకీ అది ఎవరి ఇల్లు?

చాలామంది చేతులు మారిన ఇల్లు. ప్లాసీ యుద్ధం తర్వాత బెంగాల్ నవాబైన మీర్ జాఫర్ ఆస్తి ఇదనీ, ఆయన దీన్ని వారెన్ హేస్టింగ్స్‌కు ఇచ్చాడనీ చెప్పుకుంటారు. 1780 నాటికి మేజర్ టాలీ అనే ఇంజనీరు చేతికి వచ్చింది. పూడిపోయిన ఆదిగంగ పాయను తవ్వించి పడవలు నడిచేట్టు చేసినవాడు ఆయనే. టాలీగంజ్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. మనం మన సినిమాల్ని టాలీవుడ్ అంటే అందులో ఉన్నది తెలుగులోని మొదటి అక్షరమే అనుకుంటాం గానీ, ఆ మాట 1930లలో పుట్టింది టాలీగంజ్ స్టూడియోల గురించి. మా బావమరిదికి ఈ సంగతి చెప్తే ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

1854లో ఇది బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ల నివాసమైంది. ఇప్పుడు కనిపించే స్తంభాలూ, వెడల్పాటి మెట్లూ ఒక్కరోజు కట్టినవి కావు. వచ్చిన ప్రతి దొరా తన హోదాకు తగ్గట్టు ఒక వసారానో ఒక హాలో కలుపుకుంటూ పోయాడు. 1911లో రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాక లెఫ్టినెంట్ గవర్నర్ల పదవే పోయింది. అప్పట్నుంచి వైస్రాయి కలకత్తా వచ్చినప్పుడు దిగే విడిది అయింది. 30 ఎకరాల తోట, మధ్యలో మేడ, ఏడాదిలో కొన్ని వారాలు తప్ప మనిషి అలికిడి లేని గదులు.

బెల్వెడేర్ అనేది ఇటాలియన్ మాట. చూడముచ్చటైన చోటు అని అర్థం.

అక్కడ తుపాకులు పేల్చుకున్నారట, నిజమేనా?

నిజమే. 1780 ఆగస్టు 17, తెల్లవారుజాము. ఒకవైపు గవర్నర్ జనరల్ హేస్టింగ్స్, ఇంకోవైపు ఆయన కౌన్సిల్లోనే సభ్యుడైన ఫిలిప్ ఫ్రాన్సిస్. ఇద్దరికీ ఏళ్ళ తరబడి పడదు. ఫ్రాన్సిస్‌కు నిజమూ లేదు, మర్యాదా లేదు అని హేస్టింగ్స్ కాగితం మీద రాసి మరీ ఇవ్వడంతో సవాలు దాకా వచ్చింది. ఇద్దరికీ ఇలాంటి పనిలో అనుభవం లేదు. ఫ్రాన్సిస్ తుపాకిలో మందు చెమ్మగిల్లి పేలలేదు, మళ్ళీ దట్టించాల్సి వచ్చింది. కలకత్తా ఆగస్టులో ఉప్పే నీరు కారిపోతుంది, తుపాకి మందు ఏపాటి? చివరికి గుండు తగిలింది ఫ్రాన్సిస్‌కే. పక్కనే ఉన్న బెల్వెడేర్‌లోకి మోసుకెళ్ళారు. బతికాడు. ఇంగ్లండ్ వెళ్ళి హేస్టింగ్స్ మీద పార్లమెంటులో విచారణ నడిపించే దాకా నిద్రపోలేదు. ఆ విచారణ 1788 నుంచి 1795 దాకా సాగింది.

దగ్గర్లో ఒక వీధి పేరు ఇప్పటికీ డ్యూయల్ అవెన్యూ, అంటే ద్వంద్వయుద్ధం వీధి. వాతావరణ శాఖ ఆఫీసు ఆ వీధిలోనే ఉంది. తుఫాను హెచ్చరికల్లో అలీపూర్ పేరు వింటుంటాం కదా, అదే.

మరి దొరల మేడ లైబ్రరీ ఎలా అయింది?

ఈ ప్రశ్నను తిరగేసి అడగాలి. మేడ లైబ్రరీ అవలేదు. ఇల్లు లేక ఊరంతా తిరిగిన లైబ్రరీకి చివరికి ఒక మేడ దొరికింది.

మొదలు 1836లో. ఊరి పెద్దలు చందాలేసుకుని కలకత్తా పబ్లిక్ లైబ్రరీ పెట్టారు. ద్వారకానాథ్ ఠాకూర్, అంటే రవీంద్రుడి తాతగారు, దానికి మొదటి యజమాని హోదాలో నిలిచాడు. తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా ఉన్న చార్లెస్ మెట్‌కాఫ్ ఫోర్ట్ విలియం కాలేజీ పుస్తకాల్లోంచి 4,675 ఇప్పించాడు. మొదట ఒక డాక్టరుగారి ఇంట్లో సర్దుకున్నారు. తర్వాత ఫోర్ట్ విలియం కాలేజీకి వెళ్ళారు. 1844లో నది ఒడ్డున కట్టిన మెట్‌కాఫ్ హాల్‌కు చేరారు.

ఇంకోపక్క 1891లో ప్రభుత్వం తన ఆఫీసుల్లో చెల్లాచెదురుగా ఉన్న పుస్తకాలన్నీ ఒకచోట చేర్చి ఇంపీరియల్ లైబ్రరీ అంది. పేరు ఘనమే గానీ పెద్ద ఉద్యోగులకు తప్ప ప్రవేశం లేదు. వైస్రాయి కర్జన్ వచ్చి చూస్తే రెండూ రెండు రకాలుగా కునారిల్లుతున్నాయి: ఒకదానికి పాఠకులున్నారు గానీ డబ్బు లేదు, రెండోదానికి డబ్బుంది గానీ పాఠకులు లేరు. రెంటినీ కలిపి 1903 జనవరి 30న మెట్‌కాఫ్ హాల్‌లో జనానికి తెరిచాడు. బెంగాల్‌ను రెండుగా చీల్చిన మనిషి లైబ్రరీల్ని మాత్రం ఒకటి చేశాడు.

అక్కడితో ప్రయాణం ఆగలేదు. 1923లో ఎస్‌ప్లనేడ్‌లోని పాత సచివాలయ భవనానికి మార్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ భవనం వేరే పనికి కావాలన్నారు. పుస్తకాలు చిత్తరంజన్ అవెన్యూలో జబాకుసుమ్ హౌస్‌కు పోయాయి. అవును, ఆ తలనూనె జబాకుసుమే. యుద్ధమయ్యాక మళ్ళీ ఎస్‌ప్లనేడ్. ఇల్లు మారినవాళ్ళకు తెలుస్తుంది, రెండు అట్టపెట్టెల పుస్తకాలు మోస్తేనే నడుం విరుగుతుంది. ఇక్కడ లక్షలు.

స్వాతంత్ర్యం వచ్చేసరికి వైస్రాయే లేడు. విడిది ఖాళీ. 1948లో చట్టం చేసి ఇంపీరియల్ పేరు తీసి నేషనల్ లైబ్రరీ అని పెట్టారు. పుస్తకాలు అలీపూర్ దారి పట్టాయి. సర్ది, రాసి, అమర్చి 1953 ఫిబ్రవరి 1న మౌలానా ఆజాద్ చేతుల మీదుగా బెల్వెడేర్‌లో తలుపులు తెరిచారు. ఒకప్పుడు దర్బారులూ విందు నాట్యాలూ జరిగిన హాల్లో బల్లలేసి రీడింగ్ రూమ్ చేశారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది అదే. ఆ హాల్లోకి ఒకప్పుడు ఆహ్వానపత్రిక లేనిదే అడుగు పెట్టే వీల్లేదు. తర్వాత అదే హాల్లో పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు మధ్యాహ్నం పూట పుస్తకం మీద తల పెట్టి కునుకు తీశారు.

ఇక్కడ పనిచేసినవాళ్ళలో చెప్పుకోదగ్గవాళ్ళు ఎవరు?

ఇద్దరు చాలు. హరినాథ్ దే 1907లో ఇంపీరియల్ లైబ్రేరియన్ అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు. 34 భాషలు వచ్చంటారు. 1911లో పోయేనాటికి ఆయన వయసూ 34 ఏళ్ళే. ఇంకొకరు బి.ఎస్.కేశవన్. బెల్వెడేర్‌లో లైబ్రరీ తెరిచినప్పుడు ఉన్న లైబ్రేరియన్. దేశంలోని అన్ని భాషల పుస్తకాలకూ కలిపి ఒకే జాబితా ఉండాలని జాతీయ గ్రంథసూచిని మొదలుపెట్టించింది ఆయనే.

ఇల్లుగా కట్టింది లైబ్రరీకి పనికొస్తుందా?

అంత బాగా పనికిరాదు. ఈ మాట అంటే ఇక్కడి పాత పాఠకులకు కోపం వస్తుంది, కానీ లెక్క లెక్కే. మన ఇళ్ళ గదుల నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు మోసేట్టు కడతారు. నిలువెత్తు పుస్తకాల ర్యాకులుండే గదికి ఇప్పటి కొలతల ప్రకారం 600 కిలోలైనా మొయ్యాలి. దొరలు నాట్యమాడిన మేడ పైఅంతస్తు మూడింతల బరువుకు కట్టింది కాదు. పైగా ఎత్తయిన కప్పులూ, నాలుగువైపులా తలుపులూ, నదీతీరపు తేమ మనిషికి హాయి. కాగితానికి కాదు. కరెంటు తీగలు లాగాలన్నా, నిప్పు భయం లేకుండా చూడాలన్నా పాత గోడను ఎక్కడ ముట్టుకున్నా తంటాయే.

అందుకే తోటలోనే వేరే భవనాలు లేచాయి. చివరికి 2004 ప్రాంతంలో భాషా భవన్ అనే కొత్త కట్టడం వచ్చింది. పుస్తకాలూ పాఠకులూ అందులోకి మారారు. బెల్వెడేర్ మరమ్మతు పని పురావస్తు శాఖ చేతికి వెళ్ళింది. అంటే యాభై ఏళ్ళు చదువుకునే చోటుగా బతికిన మేడ మళ్ళీ చూసిపోయే మేడ అయింది. కొత్త భవనంలో ఏసీ ఉంది, లిఫ్టు ఉంది. పుస్తకానికి మంచిదే జరిగింది. అయినా ఆ యాభై ఏళ్ళే లేకపోతే ఈ మేడ ఏదో ఒక శాఖ గెస్ట్‌హౌస్ అయి ఉండేది. దొర పోయి ఆఫీసరు వచ్చేవాడు, గేటు మాత్రం మూసే ఉండేది.

రహస్య గది బయటపడిందట కదా?

2010లో. మరమ్మతు కోసం పురావస్తు శాఖవాళ్ళు కొలతలు తీస్తుంటే కింది అంతస్తులో లెక్క కుదరలేదు. సుమారు వెయ్యి చదరపు అడుగుల చోటు ఉంది, దానికి తలుపు లేదు, కిటికీ లేదు, పైనుంచి దిగే దారీ లేదు. ఇక పేపర్లకు పండగే. ఖైదీల్ని హింసించిన గది అని ఒకరు, నిధి అని ఒకరు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అయితే బంగారం ఎన్ని బస్తాలుంటుందో కూడా చెప్పాడు.

గోడకు రంధ్రం చేసి చూస్తే లోపలంతా మట్టి. నిండా మట్టి. మేడను గట్టిపరచడానికి ఆ గదిని మట్టితో కూరి మూసేసి ఉంటారని తేల్చారు. నన్నడిగితే నిధికంటే ఇదే బాగుంది. ఇన్నేళ్ళు పైన జరిగిన సంబరాల్నీ, తర్వాత పుస్తకాల బరువునీ కింద ఒక గదెడు మట్టి మోసింది.

దయ్యాలు?

మెట్‌కాఫ్ దొరసాని దయ్యమై తిరుగుతుందట. పుస్తకం తీసిన చోట పెట్టకపోతే మెడ మీద ఊపిరి విడుస్తుందట. చిక్కేమిటంటే మెట్‌కాఫ్ పేరున్నది నది ఒడ్డు హాలుకు, ఈ మేడకు కాదు. ఆయన తన ఇంగ్లీషు సమాజం ఒప్పే పెళ్ళి చేసుకున్నవాడూ కాదు. బారన్ బిరుదు అందుకునే వారసుడు లేక ఆ బిరుదు ఆయనతోనే పోయింది. లేని దొరసాని, రాని మేడలో దయ్యం. పుస్తకాలు సరిగ్గా సర్దించడానికి ఎవరో లైబ్రరీ ఉద్యోగే పుట్టించి ఉంటాడని నా అనుమానం.

మెట్‌కాఫ్ హాల్ ఇంకా ఉందా?

ఉంది. స్ట్రాండ్ రోడ్డులో, 30 పొడవాటి స్తంభాలతో, ఏథెన్స్‌లోని ఒక పాత గోపురం స్తంభాల నమూనాలో. 1835లో మెట్‌కాఫ్ పత్రికల మీద ఆంక్షలు తీసేసినందుకు కృతజ్ఞతగా జనం చందాలతో కట్టిన భవనం. పురావస్తు శాఖ చూసుకుంటోంది. హౌరా నుంచి వస్తూ ఒక అరగంట ఆగితే చాలు.

అక్కడ తెలుగు పుస్తకాలుంటాయా?

ఉంటాయా అంటే? చట్టం ప్రకారం 1954 తర్వాత దేశంలో అచ్చయిన ప్రతి తెలుగు పుస్తకమూ అక్కడ ఉండాలి. ఆ ఏడాది చేసిన చట్టం చెప్పేదిదే: ప్రచురణకర్త పుస్తకం వెలువడిన 30 రోజుల్లో, తన ఖర్చుతో, ఒక ప్రతి కలకత్తా నేషనల్ లైబ్రరీకీ, ఒక్కొక్కటి చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని లైబ్రరీలకూ పంపాలి. చెన్నైలో అది కన్నెమరా. పంపకపోతే జరిమానా 50 రూపాయల దాకా, దానిమీద పుస్తకం ధర. 1954లో 50 రూపాయలంటే భయపడేవాళ్ళేమో. నాలుగు ఊళ్ళలో ఒక్కటీ తెలుగు ఊరు కాకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఉండాల్సినవన్నీ ఉన్నాయని కాదు. సొంత ఖర్చుతో మూడొందల కాపీలు వేసుకుని పెళ్ళిళ్ళలో పంచిన మన కవులకు ఇలాంటి చట్టం ఒకటుందనే తెలీదు. కానీ మా బాబాయి సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న, అంటే మా చిన్నతాత, ఒక శతకం రాసి తెనాలిలో అచ్చువేయించాడు. గోదావరి వరదల్లో ఇంట్లో ఉన్న ప్రతులన్నీ నీళ్ళపాలయ్యాయి. బాబాయి రిటైరయ్యాక ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో కాళీఘాట్ దర్శనానికని వచ్చి, మూడోరోజు మెల్లిగా బయటపెట్టాడు: "ఒరేయ్, నువ్వు చెప్పే ఆ లైబ్రరీలో నాన్న పుస్తకం ఉంటుందంటావా?"

వెళ్ళాం. కేటలాగులో వెతికి, నంబరు స్లిప్పు మీద రాసిచ్చి కూర్చున్నాం. చాలాసేపు పట్టింది. బాబాయి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు. తెచ్చిపెట్టింది చూస్తే అరచెయ్యంత పుస్తకం, టీ రంగుకు తిరిగిన కాగితం, వెనక అట్ట మీద వెల రూ. 1-50. ముందు పేజీలో గుండ్రటి ముద్ర. రెండో పేజీలో మా చిన్నమామ్మకు అంకితం. బాబాయి మొదటి పద్యం నోట్లోనే చదువుకోవడం మొదలుపెట్టి, నాలుగో పాదానికి వచ్చేసరికి గొంతు పైకి లేచింది. పక్క బల్ల మీది బెంగాలీ పెద్దాయన కళ్ళజోడు తీసి చూశాడు. ఏమన్నా అంటాడేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. పద్యం అయిపోయిందాకా ఆగి మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఎవరైనా వెళ్ళవచ్చా? డబ్బులు కట్టాలా?

పెద్దలెవరైనా గుర్తింపు కార్డు చూపించి రీడర్ కార్డు తీసుకోవచ్చు. చదువుకోవడానికి రుసుము లేదు. వేళలూ దరఖాస్తు పద్ధతీ మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు లైబ్రరీ వెబ్‌సైట్ చూసుకోండి. మెట్రోలో రబీంద్ర సదన్ దిగి టాక్సీ మాట్లాడుకుంటే సులువు. "నేషనల్ లైబ్రరీ" అంటే తెలియని టాక్సీవాలా ఉండడు. పని ఉండి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే చేరుకోండి. అడిగిన పుస్తకం ర్యాకుల్లోంచి రావడానికి టైమ్ పడుతుంది, అప్పటిదాకా తోటలో తిరగొచ్చు.

మన వైపు ఇలాంటి మేడ ఏదైనా ఉందా?

లైబ్రరీల విషయంలో మన కథ వేరు. మనవాళ్ళు మేడల కోసం చూడలేదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం, ఇవన్నీ చందాలతో, చేతనైనంతలో కట్టుకున్నవి. కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో కూడా లైబ్రరీ నడిపారు.

బెల్వెడేర్‌కు అసలైన జోడీ కావాలంటే హైదరాబాద్ కోఠీకి వెళ్ళాలి. కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ. అక్కడా స్తంభాలే, మెట్లే, దర్బారు హాలే. దొరలు వెళ్ళిపోయాక 1949లో అందులోకి ఉస్మానియా ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఇక్కడ పుస్తకాలు సర్దుతున్న రోజుల్లోనే అక్కడ అమ్మాయిలు జడలేసుకుని దర్బారు హాలు మెట్లెక్కారు.

మా తాతగారు రాసిన పుస్తకం అక్కడుందో లేదో ఎలా వెతకాలి?

ఓపిగ్గా. జాబితాల్లో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. దానికి ఈ లైబ్రరీ పేరుతోనే ఒక లిప్యంతరీకరణ పద్ధతి ఉంది. సంస్కృతంలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు కాబట్టి సంస్కృతం కోసం చేసిన పద్ధతుల్లో వాటికి గుర్తు అక్కర్లేదు. మనకు అలా కుదరదు. మెడకూ మేడకూ తేడా ఆ ఒక్క దీర్ఘమే. ఈ పద్ధతిలో దీర్ఘానికి అక్షరం నెత్తిన గీత పెడతారు. గీత పెట్టడం మరిచిపోయిన చోట మేడ కాస్తా మెడ అయి కూర్చుంటుంది. వెంకట, వేంకట రెండూ వేసి చూడండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, చివర పెట్టి ఒకసారి వెతకండి. పేరుతో దొరక్కపోతే పుస్తకం పేరులో మొదటి మాటతో వెతకండి. మా చిన్నతాత పుస్తకం దొరికింది అలాగే.

ఏ దారినా దొరకలేదనుకోండి, బీరువాలో ఒక ప్రతి మిగిలే ఉంటే మీరే పంపండి. ఉన్నది అదొక్కటే అయితే ముందు పేజీపేజీ ఫొటో తీసుకుని, తీసుకుంటారా అని ఒక ఉత్తరం రాసి మరీ పంపండి. నేషనల్ లైబ్రరీ, బెల్వెడేర్, అలీపూర్, కోల్‌కతా 700027. కవరులో ఒక చీటీ పెట్టి, దాని మీద రచయిత పూర్తి పేరూ, ఊరూ, అచ్చయిన ఏడూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. దీర్ఘాలు మర్చిపోవద్దు.